గృహస్థునకు ఎంత ధనము చాలును?

గృహస్థునకు ధనము లేనిదే దినము గడవదు. ఇంటి వెచ్చము, పిల్లల చదువు, వైద్యుని రుసుము, కూతురి పెండ్లి, వృద్ధాప్యమున తలదాచుకొను నీడ, ఇవన్నియు ధనముతో ముడిపడినవే. అందుచేత ఇంటిలోని పెద్దలు పిల్లవానికి చెప్పు మొదటి మాట "పొదుపు చేయుము, నాలుగు కాసులు వెనుక వేయుము" అన్నదే. అదే పిల్లవాడు జినాలయమునకు పోయినచో వినునది మరియొక మాట. పరిగ్రహము బంధహేతువనియు, కూడబెట్టిన కొలది కర్మభారము పెరుగుననియు అక్కడ వినుచున్నాడు. ఈ రెండింటిలో ఏది సత్యము? రెండును సత్యములే యైనచో ఒక్క ఇంటిలో అవి ఎట్లు ఇముడును?

మనలో చాలమంది ఈ చిక్కునకు ఒక సులభమైన ఉపాయము కనిపెట్టినారు. ఉదయము పూజ, పగలు వ్యాపారము. పూజలో విన్నది వ్యాపారమునకు అంటదు, వ్యాపారములో చేసినది పూజకు అడ్డురాదు. ఏడాదికొకసారి కొంత ద్రవ్యము దానము చేసినచో లెక్క సరిపోయినదని తృప్తి. కాని మనస్సు ఒక్కటే యైనపుడు ఖాతాలు రెండు ఎట్లుండును? సంపదను నిలకడగా పెంచుకొను విద్యయు, సంపదకు హద్దు పెట్టుకొను వ్రతమును పరస్పర విరుద్ధములు కావనియు, ఒకటి లేనిదే మరియొకటి నిలువదనియు నా అభిప్రాయము. దానిని సంఘ సోదరుల ఎదుట ఉంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఉపాసకదశాంగ సూత్రములో ఆనందుడను శ్రావకుని వృత్తాంతమున్నది. అతడు వైశాలికి సమీపమున నున్న వాణిజ్యగ్రామ నివాసి. అతని ధనము పండ్రెండు కోట్ల సువర్ణము. అందులో నాలుగు కోట్లు నిధిగా భద్రపరచబడి యుండెను. నాలుగు కోట్లు వృద్ధికై వినియోగింపబడి యుండెను. నాలుగు కోట్లు ఇంటి సామగ్రి రూపమున నుండెను. ఇవిగాక పదివేల పశువులు గల మందలు నాలుగు. ఆతడు మహావీరుని సన్నిధిని శ్రావక వ్రతములు స్వీకరించినపుడు ఈ సంపదను విడిచి అడవికి పోలేదు. ఇంతకు మించి కోరనని హద్దు పెట్టుకొన్నాడు. నాగళ్ళు ఇన్ని, దూరవ్యాపారమునకు బండ్లు ఇన్ని, ఊరి పనులకు బండ్లు ఇన్ని అని లెక్కతో సహా నియమము చేసికొన్నాడు.

ఈ కథను మనము ఆనందుని ఐశ్వర్యమునకు ఆశ్చర్యపడి విడిచిపెట్టుట పరిపాటి. ఇందులో గమనింపవలసినది కోట్ల సంఖ్య కాదు. ఒకటి, తనకెంత ఉన్నదో ఆతనికి తెలియును. రెండు, ఏ భాగము ఏ పనికో తెలియును. మూడు, ఎక్కడ ఆగవలెనో తెలియును. నేడు మన ఇండ్లలో ఈ మూడు ప్రశ్నలకు తడుముకొనకుండ జవాబు చెప్పగలవారు ఎందరు? సంపాదించువారు చాలమంది గలరు. తమ సంపాదనను ఎరిగినవారు కొందరే.

ఆ మూడు భాగములను మన ధర్మపురి సంసారమునకు అన్వయించి చూతము. ఇది మెట్టపంటల సీమ. వానపడిన ఏడు రాగులు, వేరుసెనగ, మామిడి, చింతపండు. పడని ఏడు బెంగుళూరికో తిరుప్పూరుకో కూలికి ప్రయాణము. పాలక్కోడు సంతలో టమాట ధర ఒక నెల రైతును అందలమెక్కించును, మరునెల కోతకూలి కూడ రానీయక చేలోనే వదలిపెట్టించును. రైతు చేతిలో డబ్బాడినపుడే బట్టల అంగడి, కిరాణా అంగడి, బంగారపు అంగడి కళకళలాడును. అందుచేత ఇక్కడ నెలజీతగాడు తప్ప తక్కినవారందరును వానను నమ్ముకొన్నవారే. ఇట్టి చోట ఆనందుని మొదటి భాగము, అనగా కదలని నిధి, అన్నిటికంటె ముఖ్యము. నెలకు 20,000 రూపాయలు ఖర్చగు కుటుంబము ఆరు నెలల ఖర్చు, అనగా 1,20,000 రూపాయలు, ఎపుడు కావలసిన అపుడు చేతికందునట్లు బ్యాంకులోనో తపాలా కార్యాలయములోనో ఉంచుకొనవలెను. దానిపై వడ్డీ తక్కువ వచ్చుచున్నదని విచారింపరాదు. అది లాభమునకై ఉంచినది కాదు. ఆ ధనము లేని ఇంట జ్వరము వచ్చినను, వాన రాకపోయినను మొదట ఇల్లు విడుచునది ఇల్లాలి మెడలోని గొలుసు. ఆరోగ్య భీమాయు, సంపాదించువాని ప్రాణముపై జీవిత భీమాయు ఈ భాగమునకు కంచె వంటివి. భీమా మదుపు కాదు. మదుపును పశువు మేయకుండ కాపాడునది.

రెండవ భాగము వృద్ధికై వేసిన ధనము. దీనికి కావలసినది తెలివి కంటె ఓర్పు. ఒక లెక్క చూడుడు. నెలకు 1,000 రూపాయల చొప్పున, ఏటికి నూటికి 8 వచ్చు చోట, వడ్డీని ప్రతి నెల అసలులో కలుపుచు 20 ఏండ్లు వేసినచో చేరునది సుమారు 5 లక్షల 89 వేలు. అదే 30 ఏండ్లు వేసినచో సుమారు 14 లక్షల 90 వేలు. పదేండ్లలో అదనముగా వేసినది 1,20,000 రూపాయలే. అదనముగా వచ్చినది తొమ్మిది లక్షలు. చక్రవడ్డీ అనునది మొదట నత్త, చివర గుర్రము. ఇరువదియైదవ ఏట మొదలుపెట్టిన చిన్న జీతగాడు, ముప్పదియైదవ ఏట మొదలుపెట్టిన పెద్ద జీతగానిని అనేక సందర్భములలో మించుట ఇందుచేతనే.

ఇందుకు సామాన్యునికి అందుబాటులో నున్న మార్గములు కొన్ని గలవు. 1968 నాటి చట్టముతో ఏర్పడిన పబ్లిక్ ప్రావిడెంట్ ఫండు పదునైదేండ్ల గడువు గలది. 2020 ఏప్రిల్ మొదలు 2025 వరకు దానిపై వడ్డీ 7.1 శాతము. ఆడపిల్లల కొరకు 2015లో సుకన్య సమృద్ధి ఖాతా వచ్చినది. బ్యాంకు డిపాజిట్లకు 2020 ఫిబ్రవరి నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకు భీమా రక్షణ కలదు. కంపెనీ వాటాలు, మ్యూచువల్ ఫండ్లు దీర్ఘకాలమున ఎక్కువ పెరుగుటకు అవకాశమున్నను, నడుమ గుండె దిటవును పరీక్షించును. 2008 జనవరిలో 20,000 దాటిన బొంబాయి సెన్సెక్సు 2009 మార్చి నాటికి 8,500 లోపునకు పడినది. 2010 సెప్టెంబరులో మరల 20,000 దాటినది. వాటాలు అవే, కంపెనీలు అవే. నడుమ భయపడి అమ్మినవాడు నష్టపోయినాడు. పదేండ్ల వరకు ముట్టనక్కరలేని ధనమునే అందులో పెట్టినవాడు నిశ్చింతగా నిద్రపోయినాడు. ఇక ఏమియు చేయక పెట్టెలో దాచిన నోటు క్షేమముగా నున్నదనుకొనుటయు భ్రమయే. ధరలు ఏటికి నూటికి 6 చొప్పున పెరిగినచో పండ్రెండేండ్లకు ఆ నోటు విలువ సగమగును.

మూడవ భాగము ఇల్లు, పొలము, అంగడి, పనిముట్లు, నగలు. ఇవి కంటికి కనిపించును గనుక మనవారికి వీటిపై మక్కువ ఎక్కువ. తప్పులేదు. కాని సంపద అంతయు ఇటుకలలోను బంగారములోను గడ్డకట్టినచో అవసరమునకు పది రూపాయలు పుట్టవు. లక్షల విలువ చేయు ఇంటిలో కూర్చుండి చేబదులుకు పరుగెత్తువారిని మనము చూచుచునే యున్నాము.

ఇంతవరకు చెప్పినది ఏ బ్యాంకు ఉద్యోగియైనను చెప్పగలడు. అసలు ప్రశ్న ఇక వచ్చుచున్నది. ఇంత మంచి దారి ఉండగా జనులు ఎందుకు దానిని విడిచి గోతిలో పడుచున్నారు?

మన రాజధాని మద్రాసులో 1906 అక్టోబరులో అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసినది. దొరలవారి కంపెనీ గదా అని నమ్మి వేలమంది ఉద్యోగులు, వితంతువులు, పింఛనుదారులు తమ జీవితకాలపు పొదుపును అందులో ఉంచిరి. ఆ దెబ్బ తరువాతనే వి. కృష్ణస్వామయ్యరు ప్రభృతుల కృషితో 1907లో ఇండియన్ బ్యాంకు వెలసినది. అప్పుడు మోసపోయినవారికి మంచి బ్యాంకులు లేవను సాకు ఉన్నది. తరువాతి వారికి అదియు లేదు. 2012లో పెరుందురై ప్రాంతమున ఈము పక్షుల పెంపకము పేరిట కొంగునాటి రైతుల ధనము పోయినది. ఆంధ్రదేశమున విజయవాడ కేంద్రముగా నడచిన అగ్రిగోల్డు సంస్థ 2014 ప్రాంతమున కుప్పకూలినపుడు చిక్కుకొన్నవారు సుమారు 32 లక్షలమంది. చిక్కుకొన్న ధనము 6 వేల కోట్లకు పైమాట. 2022లో చెన్నపట్టణపు ఆరుద్ర వ్యవహారములో నెలకు నూటికి 25, 30 చొప్పున వడ్డీ ఇత్తుమన్నారు. దాదాపు లక్షమంది నమ్మినారు. నెలకు 25 చొప్పున వడ్డీని అసలులో కలుపుకొని పోయినచో లక్ష రూపాయలు పండ్రెండు నెలలకు పదునాలుగున్నర లక్షలు కావలెను. ధర్మమైన ఏ వ్యాపారము అట్లు చేయగలదు? చదువుకొన్నవారు, ఉపాధ్యాయులు, వర్తకులు ఈ చిన్న గుణకారము ఎరుగరా? ఎరుగుదురు. కాని ఆశ పుట్టిన చోట లెక్క నిద్రపోవును.

హద్దు పెట్టుకొనుటలోని లౌకిక ప్రయోజనము ఇక్కడ బయటపడుచున్నది. "నా కుటుంబమునకు ఇరువది యేండ్లలో ఇంత కావలెను, దానికి ఏటికి నూటికి ఎనిమిది చాలును" అని ఎరిగినవాని తలుపును మోసగాడు తట్టినను లోనికి రాలేడు. వానికి ముప్పదితో పనిలేదు. ఎంత వచ్చినను చాలదనువాని తలుపు ఎప్పుడును తెరచియే యుండును. పరిగ్రహమనగా వస్తువు కాదు, వస్తువుపై మూర్ఛ అని మన ఆచార్యులు చెప్పినది మోక్షశాస్త్రము మాత్రమే కాదు. అంతకంటె మంచి మదుపు సలహాను నేను వినలేదు. ఈ వ్రతమునకు ఇచ్ఛాపరిమాణమని సమంతభద్రాచార్యులు మరియొక పేరు చెప్పియున్నారు. కొలువవలసినది పెట్టెను కాదు, కోరికను.

ఈ ప్రశ్నకు రెండవ పక్కయు ఉన్నది. మన ధనము పెరుగుచున్నది సరే, ఎవరి ఇంట తరుగుట చేత పెరుగుచున్నది? మన సంఘములో తాకట్టు వ్యాపారము, వడ్డీ వ్యాపారము చేయువారు గలరు గనుక ఈ మాటను దాటవేయుట తగదు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీపై 50,000 రూపాయలు తీసికొన్న రైతు నెలకు 1,500 కట్టవలెను. రెండేండ్ల తొమ్మిది నెలలు గడచునప్పటికి వడ్డీయే దాదాపు అసలంత అగును. అసలు అట్లే యుండును. ఇక సంతలో కూరగాయలమ్మునామెకు 8,500 చేతికిచ్చి, రోజుకు 100 చొప్పున నూరు రోజులు వసూలు చేయు పద్ధతి ఉన్నది. చూచుటకు 1,500 మాత్రమే వడ్డీ. కాని అసలు రోజురోజుకు తీరుచుండుటచే, సరిగా లెక్కగట్టినచో ఏటికి నూటికి నూరు దాటును. ఇట్టి దినవడ్డీలను, కందువడ్డీ, మీటరువడ్డీలను తమిళనాడు ప్రభుత్వము 2003లో చట్టము చేసి నిషేధించినది. వడ్డీ అసలును మించరాదని ప్రాచీన ధర్మశాస్త్రములే హద్దు పెట్టియున్నవి.

"మేము ఇవ్వకున్నచో ఆ పేదకు ఎవరు ఇచ్చెదరు? బ్యాంకు వాడు గడప తొక్కనిచ్చునా?" అని అప్పిచ్చువారు అడుగుదురు. ఈ ప్రశ్నలో సత్యము లేకపోలేదు. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవలసినవానికి బ్యాంకు తెరచియుండదు; వీధి చివరి సేటు తలుపు తీయును. అది సేవయే. కాని దప్పిగొన్నవానికి నీరిచ్చుట వేరు, దప్పికను బట్టి నీటి ధర పెంచుట వేరు. చీమను తొక్కకుండ నడచువాడు తన ఖాతాపుస్తకములో మనిషిని తొక్కుచున్నాడేమో చూచుకొనవలదా? అహింస పాదములకే కాదు, కలమునకును వర్తించును. చట్టము ఒప్పిన వడ్డీకి, రసీదు ఇచ్చి, గడువు తీరినపుడు నగ వేలమునకు పోకముందు ఒక మాట చెప్పి పంపువాని వ్యాపారము నిదానముగా పెరుగును. కాని వాని మనుమడు అదే వీధిలో తలయెత్తుకొని అంగడి తెరచును. దీర్ఘకాలపు సంపద యనగా ఇదియే. ఊరి విశ్వాసము కంటె నిలకడగల మూలధనము లేదు.

మరియొక ఆక్షేపణ. నెల చివర ఉప్పుకు వెదకుకొనువానికి పరిమితి వ్రతము బోధించుట ఎగతాళి కాదా? నిజమే. ఈ వ్రతము ఉన్నవానికి. లేనివానికి మొదటి మదుపు అప్పు తీర్చుటయే. ఏటికి నూటికి 36 వడ్డీ గల అప్పును తీర్చుట, నూటికి 36 వచ్చు చోట భయము లేకుండ ధనము పెట్టుటతో సమానము. అట్టి లాభము లోకములో మరియెక్కడను న్యాయముగా దొరకదు. ఆ తరువాత పెండ్లిపందిరి వైభవమునకు, ఇరుగుపొరుగుల కంటికి చేయు ఖర్చుకు హద్దు పెట్టుట. ఉన్నవారు ఆడంబరము తగ్గించినచో లేనివారికి ఆ హద్దు సులభమగును. మనము లక్షలు వెచ్చించి పెండ్లి చేయుచు, మన అంగడి గుమాస్తాను పొదుపు చేయుమనుట ఎట్లు పొసగును?

హద్దును ఎట్లు నిర్ణయింపవలెను? రూపాయల సంఖ్య ఒకటి వ్రాసికొని కూర్చుండుట నేటి కాలమున చెల్లదు. ధరలు మారును, వైద్యము ప్రియమగును. ఇంటి ఏటి ఖర్చు ఎంత, ఎన్ని ఏండ్లకు, ఎవరెవరి కొరకు అని లెక్కించి, దీపావళి నాడు కొత్త పుస్తకము తెరచునపుడు ఒక పుటలో వ్రాయుట మంచిది. ఏటేట దానిని సరిచూచుకొనవచ్చును. ధరలతో హద్దు పెరుగవచ్చును, కోరికతో పెరుగరాదు. ఈ రెంటికి గల భేదమును ఇతరులు కనిపెట్టలేరు. దానిని తనకు తాను చెప్పుకొనుటలోనే వ్రతమున్నది. చేరలేనంత పెద్ద సంఖ్యను హద్దుగా పెట్టుకొని వ్రతమాచరించుచున్నామనుట తన్ను తాను మోసగించుకొనుటయే.

ఆ పుటను ఇల్లాలికిని, ఎదిగిన బిడ్డలకును చూపవలెను. ఆనందుడు వ్రతము పట్టిన పదునాలుగేండ్ల తరువాత కుటుంబభారమును జ్యేష్ఠపుత్రునికి అప్పగించి ధర్మసాధనకు తొలగినాడు. అప్పగించుటకు ముందు లెక్క తెలిసియుండవలెను గదా! మనలో ఎందరో తమ ఖాతాల సంగతి భార్యకు కూడ చెప్పకయే కన్నుమూయుచున్నారు. పదేండ్లు ఎవరును ముట్టని బ్యాంకు డిపాజిట్లను 2014 నుండి రిజర్వు బ్యాంకు నిర్వహించు ఒక నిధికి మార్చుచున్నారు. అట్టివానిని వెదకుకొనుటకు 2023లో ఉద్గమ్ అను ఏర్పాటు కూడ చేయవలసి వచ్చినది. కడుపు కట్టుకొని కూడబెట్టినది కన్నబిడ్డలకే తెలియకపోయినచో ఆ పొదుపు ఎవరి కొరకు? ప్రతి ఖాతాకు నామినీ పేరు వ్రాయించుట, వీలునామా సిద్ధపరచుట అమంగళము కాదు; అది మమకారమునకు పెట్టిన క్రమము.

హద్దు నిండిన తరువాత వచ్చినది ఏమి చేయవలెను? దీనికి జవాబు మన ఊరి రాళ్ళే చెప్పుచున్నవి. ధర్మపురికి పూర్వనామము తగడూరు. ఆయుస్సునిచ్చు ఉసిరిపండును తాను తినక అవ్వయారుకు ఇచ్చిన అదియమానుని ఊరు ఇది. నొళంబ మహేంద్రుని కాలమున, క్రీస్తుశకము 9వ శతాబ్ది చివర వ్రాయబడిన కన్నడ శాసనమొకటి ఇక్కడ దొరికినది. నిధియణ్ణ, చందియణ్ణ అను ఇద్దరు వర్తకులు తగడూరులో జినబసదిని కట్టించినట్లును, నిధియణ్ణ రాజు నుండి మూలపల్లి అను గ్రామమును పొంది, బసది మరమ్మతులు మొదలగు వానికై కనకసేన సిద్ధాంత భట్టారకులకు దానము చేసినట్లును అది తెలుపుచున్నది.

ఆ వర్తకుని బుద్ధిని గమనింపుడు. గుడి కట్టి ఊరకుండలేదు. గోడ బీటలువారును, కప్పు కారును, తాను ఉండడు అని ముందే తలచినాడు. అసలు తరుగకుండ, ఫలము మాత్రము ఏటేట ధర్మమునకు చేరునట్లు ఒక ఊరి రాబడిని కట్టిపెట్టినాడు. నేడు మనము విద్యార్థి వేతనములకును, వైద్యసహాయమునకును మూలధనము ఏర్పరచి వడ్డీతో నడపుట కూడ ఆ తోవయే. ఒక సంవత్సరము లక్ష రూపాయలు పంచుటకంటె, ఏటేట ఆరేడు వేలు పుట్టు లక్షను నిలిపి ఒక పిల్లవాని చదువుకు ముడిపెట్టుట ఎక్కువ కాలము బ్రతుకును. అందును హద్దు తెలియవలెను: ఫలము ఆ పిల్లవానిది, అసలు రాబోవు పిల్లలది, మనదన్నది ఏదియు లేదు.

నిధియణ్ణ పెట్టెలో ఎంత బంగారముండెనో ఎవరికిని తెలియదు. దానిని ఎవరు తిన్నారో, ఎవరు దోచుకొన్నారో కూడ తెలియదు. పదకొండు వందల ఏండ్ల తరువాత మనకు తెలిసినది ఆతడు తనది కాదని వేరుచేసిన భాగము మాత్రమే. ఈ సంవత్సరము కొత్త పుస్తకము తెరచునపుడు ప్రతి గృహస్థుడును భద్రమునకు ఇంత, వృద్ధికి ఇంత, ఇంటికి ఇంత అని వ్రాసి, దాని క్రింద ఒక గీత గీచి, గీతకు దిగువ వచ్చినది ఎవరిదో కూడ వ్రాసికొనుగాక.